సీనియర్ కమ్యూనిటీనా, కేర్ హోమా, ఇంట్లో మనిషా? అమ్మ కోసం తిరిగినప్పుడు తెలుసుకున్నవి

మా అమ్మ మూడేళ్లు హైదరాబాద్ శివార్లలో ఒక సీనియర్ కమ్యూనిటీలో సంతోషంగా ఉంది. చిన్న ఫ్లాటు, కింద భోజనాల హాలు, సాయంత్రం గుడి దగ్గర విష్ణు సహస్రనామం, నడవడానికి మెట్లు లేని బాట. బ్రోషర్‌లో "24 గంటల నర్సింగ్ సదుపాయం" అని ఉంది. మేం ముగ్గురు పిల్లలం ఆ మాట చదివాం. దాని అర్థమేమిటని ఒక్కరమూ అడగలేదు.

82వ ఏట అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి డిశ్చార్జి రాసిన రోజు కమ్యూనిటీకి ఫోన్ చేస్తే మేనేజరు ఇలా అన్నాడు: "అమ్మగారు తనంతట తాను లేచి తిరిగేటట్టయితేనే తీసుకురండి మేడం. లేకపోతే మీరే ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవాలి." అగ్రిమెంటు తీసి చూస్తే ఆ షరతు నిజంగానే ఉంది, పదకొండో పేజీలో. వాళ్ల నర్సింగ్ అంటే క్లినిక్ గదిలో ఒక నర్సు, బీపీ మెషిను, గేటు దగ్గర అంబులెన్సు. నడిచేవాళ్లకు అది చాలు. అమ్మకు ఇక చాలదు.

తర్వాత ఏడు వారాల్లో పదకొండు చోట్లు చూశాం. అప్పుడు నోటు పుస్తకంలో రాసుకున్నవాటిని, నాలాగే వెతుక్కుంటున్నవాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాను. ఈ మధ్య ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. 2021 నాటికి ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 దాటినవాళ్లు 12.4 శాతం ఉంటారని కేంద్ర గణాంక శాఖ నివేదిక అంచనా వేసింది. పిల్లలేమో బెంగళూరులోనో, డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటున్నారు.

ముందు మనిషి స్థితి, తర్వాతే చోటు

వయసును బట్టి చోటు ఎంచుకుంటే తప్పుతాం. వృద్ధుల వైద్యంలో కాట్జ్ సూచిక అని ఒకటి ఉంది. ఆరు పనులు చూస్తారు: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తన చేత్తో తినడం. ఈ ఆరింటికీ ఎదురుగా "సొంతంగా" లేదా "సాయంతో" అని రాయండి. రాయాల్సింది ఏడాదికోసారి వచ్చే కొడుకు కాదు, రోజూ దగ్గరుండేవాళ్లు. ఫోన్‌లో అడిగితే అమ్మలందరూ "బాగానే ఉన్నానురా" అనే అంటారు. మా అమ్మ కూడా పడడానికి ఆర్నెల్ల ముందు నుంచే గోడ పట్టుకుని నడుస్తోందని పక్క ఫ్లాటు ఆవిడ తర్వాత చెప్పింది.

నేను పెట్టుకున్న కొలత ఇది. ఆరూ సొంతంగా చేసుకుంటే సీనియర్ కమ్యూనిటీ ఫ్లాటు బాగుంటుంది. ఒకటి రెండింటికి, ముఖ్యంగా స్నానానికి, సాయం కావాలంటే అసిస్టెడ్ లివింగ్, అంటే సొంత గదిలో ఉంటూనే రోజువారీ పనులకు మనిషి సాయం దొరికే చోటు. మంచం మీంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోవడం ఈ రెండూ పోయాయంటే నర్సింగ్ ఉన్న కేర్ హోమే కావాలి, ఆ ఇంటిని ఏ పేరుతో పిలిచినా సరే. మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్నవాళ్లు ఈ లెక్కకు లొంగరు. ఆరు పనులూ చేసుకోగలిగి కూడా అర్ధరాత్రి గేటు దాటి వెళ్లిపోవచ్చు. వాళ్లకు గేటు మీద కన్ను, రోజూ ఒకే వేళకు ఒకే పని, ఒకే ముఖం కావాలి.

నాలుగు దారుల్లో తేడా ఎక్కడ

సొంత ఫ్లాటు ఉండే కమ్యూనిటీలో జీవితం బాగుంటుంది. తోడు దొరుకుతుంది, వంట బాధ తప్పుతుంది, కరెంటు పోయినా లిఫ్టు ఆగదు. 75 లోపు, నడిచే దంపతులకు ఇంతకన్నా మంచి చోటు లేదని ఇప్పటికీ అనుకుంటాను. కాని కొనే ముందు ఆగండి. ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు ఉందో లేదో చూడాలి. 2019లో కేంద్ర గృహ నిర్మాణ శాఖ రిటైర్మెంట్ హోముల కోసం నమూనా మార్గదర్శకాలు తెచ్చింది. కట్టేవాళ్లు, సేవలందించేవాళ్లు, కొనేవాళ్లు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలని అందులో ఉంది. ఇది ముఖ్యం, ఎందుకంటే బిల్డరు వేరు, వంటా నర్సింగూ నడిపే కంపెనీ వేరు కావచ్చు. ఆ కంపెనీ వెళ్లిపోతే మీకు మిగిలేది గోడలే. ఇంకోటి, చాలా కమ్యూనిటీల్లో నిర్ణీత వయసు దాటినవాళ్లే ఉండాలి. రేపు అమ్మానాన్నా లేకపోతే పిల్లలు అందులో ఉండలేరు, అమ్మాలన్నా కొనేవాళ్లు తక్కువ. అందుకే మొదట అద్దెకో లీజుకో తీసుకుని ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిపి చూడమంటాను.

రెండోది, అదే ఆవరణలో కేర్ సెంటర్ కూడా ఉన్న కమ్యూనిటీ. భార్యాభర్తల్లో ఒకరు బాగుండి ఒకరు మంచాన ఉంటే దీనికి సాటి లేదు. నాన్న పొద్దున్నే కాఫీ తాగి వంద అడుగులు వేస్తే అమ్మ పక్కన కూర్చోవచ్చు. అయితే కేర్ సెంటర్ ఇవాళ నడుస్తోందా అన్నది కళ్లతో చూడాలి. మేం చూసినవాటిలో రెండు చోట్ల బోర్డు ఉంది, కొత్త మంచాలున్నాయి, పేషెంట్లు లేరు. "వచ్చే నెల నుంచి స్టాఫ్ వస్తారు" అన్నారు. పేషెంట్లు లేని చోట అనుభవమూ ఉండదు. మొదటి పేషెంటుగా అమ్మను చేర్చడానికి నాకు మనసు ఒప్పలేదు.

మూడోది విడిగా నడిచే కేర్ హోమ్. కాలనీలో పెద్ద ఇల్లో పాత నర్సింగ్ హోమో తీసుకుని ఇరవై ముప్పై మంచాలతో నడుపుతారు. తోట ఉండదు, గోడలకు రంగు వెలిసి ఉంటుంది, ఫినాయిల్ వాసన వస్తుంది. చూడగానే పిల్లల గుండె జారిపోతుంది. అయినా మంచాన పడ్డ మనిషికి కావలసింది వీటిలో కొన్ని చోట్ల, పెద్ద కమ్యూనిటీల్లో కన్నా బాగా దొరుకుతుంది. అన్ని చోట్లా కాదు. ఏది ఏమిటో తేల్చుకునే పద్ధతి కిందే చెబుతాను.

నాలుగోది ఇంట్లోనే మనిషిని పెట్టుకోవడం. ఏజెన్సీ వాళ్లు పగలు పన్నెండు గంటలకు ఒకరిని, రాత్రికి ఒకరిని పంపుతారు. ఇంట్లో కోడలో కొడుకో కూతురో ఉండి కనిపెట్టుకుని ఉంటే ఇదే మొదటి ఎంపిక. అమ్మ తన గదిలో, తన దేవుడి పటాల మధ్య ఉంటుంది. ఇంట్లో మనవాళ్లెవరూ లేకుండా, అమెరికా నుంచి కెమెరాలో చూస్తూ నడిపించడం మాత్రం ప్రమాదం. సంక్రాంతికి ఊరెళ్లిన ఆయా తిరిగి రాకపోతే ఆ పూట డైపరు మార్చేదెవరు? ఏజెన్సీ పంపిన కొత్త మనిషికి మందుల పెట్టె చూపించేదెవరు? ఈ రెండు ప్రశ్నలకూ ఊళ్లో ఉండే ఒక మనిషి పేరు మీ దగ్గర లేకపోతే ఈ దారి వద్దు.

ప్రభుత్వ వృద్ధాశ్రమాల సంగతి వేరు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం జిల్లాకు ఒకటైనా, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేలా ఉండాలి. అవసరమున్నవాళ్లు ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేసి అడగవచ్చు.

రాత్రి లెక్క

అమెరికాలో ఉన్న మా తమ్ముడు ప్రతి చోటుకీ "రేటింగ్ ఎంత?" అని అడిగేవాడు. అక్కడ పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా నడిపే మెడికేర్ వాళ్లు 2008 డిసెంబరు నుంచి నర్సింగ్ హోములకు ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇస్తున్నారు. మూడు సంగతులు చూస్తారు: తనిఖీల్లో ఏం తేలింది, సిబ్బంది ఎంతమంది, పుండ్లూ పడిపోవడాలూ వంటి ఫలితాలు ఎలా ఉన్నాయి. ఇక్కడ మనకు కనిపించే నక్షత్రాలు ఫోన్‌లో గూగుల్‌వి. అవి ఎక్కువగా తోట గురించి, దోసె గురించి. కాబట్టి ఆ మూడు సంగతులూ మనమే చూసుకోవాలి. వాటిలో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది సిబ్బంది, అందులోనూ రాత్రి సిబ్బంది.

వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే, ఒక్క నర్సు కుర్చీ ఏ పూటా ఖాళీగా ఉండకూడదంటే మూడున్నర మంది కావాలి. సెలవులూ జ్వరాలూ కలిపితే నలుగురు. "24 గంటలూ నర్సు ఉంటుంది" అన్న చోట "మొత్తం ఎంతమంది నర్సులున్నారు?" అని అడగండి. ఇద్దరు అన్నారంటే, వాళ్లు సెలవు లేకుండా పన్నెండేసి గంటలు చేస్తున్నారు, లేదంటే రాత్రి నర్సు లేదు. పోయిన నెల డ్యూటీ చార్టు చూపించమనండి. ఇచ్చినవాళ్లను సగం నమ్మవచ్చు.

రెండో లెక్క మంచాలది. పదిమంది తమంతట తాము కదలలేనివాళ్లు ఉన్నారనుకోండి. రెండు గంటలకోసారి ఒత్తిగిల్లేలా తిప్పాలి. రాత్రి పది నుంచి ఆరు దాకా నాలుగుసార్లు వేసుకున్నా నలభై సార్లు. సరిగ్గా తిప్పడానికి ఇద్దరు మనుషులు, అయిదు నిమిషాలు కావాలి. అంటే ఇద్దరికి రెండు వందల నిమిషాల పని. డైపర్లు, మంచినీళ్లు, "అమ్మాయీ" అని పిలిచే పిలుపులు అన్నీ దీని పైన. ఆ ఇంట్లో రాత్రి ఒక్క ఆయానే ఉంటే ఈ పని జరగడం లేదని అర్థం. ఆమె చెడ్డదని కాదు, చేయడం ఎవరివల్లా కాదు.

అందుకే రాత్రి తొమ్మిదిన్నర తర్వాత వెళ్లండి. ముందే చెబితే చూపించడానికి సిద్ధమవుతారు గనక, "ఆఫీసు నుంచి ఇప్పుడే తీరిక దొరికింది" అని వెళ్లేవాళ్లం. ఒక చోట సెక్యూరిటీ అతను ఎవరికో ఫోన్ చేసి పిలిపించాడు. మేం నిలబడి ఉండగానే ఒక గదిలో బెల్లు మోగింది. నేను గడియారం చూస్తూ ఉన్నాను. పద్నాలుగు నిమిషాలకు ఒకమ్మాయి కళ్లు నులుముకుంటూ వచ్చింది. ఇంకో చోట ఇంకా బాధ కలిగింది. మంచం కాళ్ల దగ్గర తిప్పే వేళల చార్టు ఉంది, చక్కగా గళ్లు గీసి. మేం వెళ్లేసరికి పదింకా కాలేదు, అయినా 12, 2, 4 గళ్లలో సంతకాలు అప్పటికే ఉన్నాయి. ఆ మంచం మీద పడుకున్న పెద్దాయన గోడవైపు తిరిగి ఉన్నాడు. తిప్పమని ఆ అమ్మాయిని అడిగి, నేనూ ఒక చేయి వేశాను. మడమ ఎర్రగా ఉంది.

ఆ ఎరుపు గురించి ప్రతివాళ్లకూ తెలియాలి. వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా పుండు మొదలుకాలేదు. నొక్కినా తెల్లబడకపోతే అది మంచం పుండుకు మొదటి దశ. మడమలు, పిరుదుల మధ్య ఎముక, తుంటి, ఈ మూడు చోట్లా చూడాలి. దశలు నాలుగు, చివరిది ఎముక దాకా వెళ్తుంది. గాలి పరుపు వేశాం కదా అంటారు. గాలి పరుపు సాయమే, తిప్పడానికి బదులు కాదు. "ఇప్పుడు ఎంతమందికి పుండ్లున్నాయి? వాటిలో ఇక్కడికి వచ్చాక మొదలైనవి ఎన్ని?" అని సూటిగా అడిగేదాన్ని. "మా దగ్గర ఒక్కరికీ రాలేదు" అన్నవాళ్లకన్నా, "ఇద్దరికి ఉన్నాయి, ఒకరు ఆసుపత్రి నుంచే వాటితో వచ్చారు, ఒకటి మా దగ్గర మొదలైంది, ఇదిగో డ్రెస్సింగ్ చార్టు" అన్న సిస్టరే నాకు నచ్చింది.

నర్సు ఎవరు, ఆయా ఎవరు

యూనిఫాం చూసి నమ్మవద్దు. నర్సు కోర్సుల్లో ఏఎన్‌ఎం రెండేళ్ల చదువు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. వీళ్ల పేర్లు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదై ఉంటాయి. ఆయాలూ అటెండర్లూ చేసేది అంతే విలువైన పని, కాని వేరే పని. ఇన్సులిన్ ఎవరు వేస్తారు, ముక్కులో గొట్టం ద్వారా ఆహారం ఎవరు పోస్తారు, యూరిన్ గొట్టం ఎవరు మారుస్తారు అని మూడు ప్రశ్నలు అడిగితే విషయం బయటపడుతుంది.

మందుల గదిలోకి వెళ్లండి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉందా, లేక పాలప్యాకెట్ల పక్కన పడేశారా చూడండి. ప్రతి మనిషికీ పేరు రాసిన పెట్టె ఉండాలి, ఇచ్చిన ప్రతి మాత్రకూ టైము, సంతకం ఉండాలి. ఇంకో మాట. రాత్రుళ్లు అరిచే, తిరిగే మతిమరుపు రోగులకు మత్తు కలిగించే మందులు ఇచ్చే అలవాటు చాలా చోట్ల ఉంది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో యాంటీసైకోటిక్ (తీవ్ర మానసిక జబ్బులకు వాడే) మందుల వల్ల మరణాలు పెరుగుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. డాక్టరు ఆలోచించి ఇవ్వాల్సిన సందర్భాలు ఉంటాయి. కాని ఇంటివాళ్లకు చెప్పకుండా ఏ కొత్త నిద్రమందూ మొదలుపెట్టబోమని రాసివ్వమనండి. పగలు పదకొండింటికి హాల్లో అందరూ మెడలు వాల్చి నిద్రపోతూ కనిపించిన ఒక చోట నుంచి మేం మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేశాం.

భోజనం వేళకు ఒకసారి వెళ్లాలి. పప్పు, చారు రుచి కాదు ముఖ్యం. తినిపించే తీరు చూడండి. పక్షవాతం వచ్చినవాళ్లకు పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. లేపి కూర్చోబెట్టి, నెమ్మదిగా తినిపించి, తర్వాత అరగంటైనా అలాగే ఉంచాలి. ఒకే ఆయా నలుగురికి ఒకే గిన్నెలోంచి వరసగా పెడుతోందంటే ఎవరి కడుపూ నిండదు. నెలనెలా బరువు చూస్తున్నారా అని అడగండి. నెలలో అయిదు శాతం తగ్గితే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, అది డాక్టరుకు చెప్పాల్సిన విషయం.

మాట కూడా చూడాలి. హైదరాబాద్ కేర్ హోముల్లో ఆయాలు ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి కూడా వస్తున్నారు. ఓపికగా చేస్తారు, కాని తెలుగు తప్ప రాని అమ్మ "ఒంటికి వస్తోంది" అంటే అర్థం కావాలి కదా. ప్రతి డ్యూటీలోనూ తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండాలని మేం పట్టుబట్టాం. పేరున్న కమ్యూనిటీలు ఉన్నాయని కోయంబత్తూరు వెళ్లాలనుకునే మనవాళ్లు దీన్ని మరీ ఆలోచించాలి. అరవై ఏళ్ల వయసులో తమిళం నాలుగు ముక్కలు వస్తాయి, ఎనభైలో మతి తప్పితే మిగిలేది చిన్నప్పటి మాటే.

కాగితం మీద, డబ్బు దగ్గర

మొదట చెప్పే నెల రేటులో సాధారణంగా డైపర్లు, ఫిజియోథెరపీ, డాక్టరు విజిట్, ఆక్సిజన్, డ్రెస్సింగ్ ఉండవు. ఇప్పుడు అక్కడ ఉన్న, మీ అమ్మలాంటి స్థితిలోని మనిషి పోయిన నెల బిల్లు, పేరు తీసేసి చూపించమనండి. అసలు లెక్క అదే. ఆసుపత్రిలో చేరితే ఆ రోజులకూ డబ్బు తీసుకుంటారా, అక్కడ పక్కన ఎవరు కూర్చుంటారు, మంచం అట్టిపెడతారా, తిరిగి వచ్చేటప్పుడు స్థితి దిగజారి ఉంటే తీసుకుంటారా? ఆఖరి ప్రశ్నే మమ్మల్ని ముంచింది. దాని జవాబు మాటల్లో కాదు, అగ్రిమెంటులో ఉండాలి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, ఏటా ఎంత పెంచుతారో కూడా.

70 దాటినవాళ్లందరికీ 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల కవరేజీ ఉంది. అది ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొస్తుంది. కేర్ హోమ్ నెల ఖర్చు దానిలోంచి రాదు. ఆ ఖర్చు నేను భరిస్తానని ఇల్లు రాయించుకునే కొడుకో కూతురో ఉంటే, చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే రాయించండి. షరతు తప్పితే ఆ బదిలీ రద్దు కోరే హక్కు 2007 చట్టం 23వ సెక్షన్ ఇస్తుంది.

అడగడానికి నోరు రాని ప్రశ్న ఒకటి. రాత్రిపూట ప్రాణం పోతే డెత్ సర్టిఫికెట్ ఏ డాక్టరు ఇస్తాడు, పిల్లలు విమానం దిగే దాకా ఫ్రీజర్ బాక్స్ ఎవరు తెప్పిస్తారు, ఆ ఆవరణలో కార్యక్రమం చేయనిస్తారా? ఒక చోట ఆ మాట ఎత్తగానే ముఖం మాడ్చుకున్నారు. మేం ఎంచుకున్న చోట సిస్టర్ కుర్చీ లాక్కుని కూర్చుని, ఎవరికి ఏ వరసలో ఫోన్ చేయాలో మా చేత అప్పుడే రాయించుకుంది.

చివరికి ఏది ఎవరికి

నడిచే దంపతులైతే కమ్యూనిటీ ఫ్లాటు, అద్దెకు. ఒకరు బాగుండి ఒకరికి సాయం కావాలంటే నడుస్తున్న కేర్ సెంటర్ ఉన్న కమ్యూనిటీ, కాస్త ఎక్కువైనా. ఒంటరిగా మంచాన పడ్డ మనిషికి, ఊళ్లో బంధువు వారానికి రెండుసార్లు చెప్పకుండా వెళ్లగలిగేంత దగ్గరలో ఉన్న చిన్న కేర్ హోమ్. దూరంగా ఉన్న అందమైన చోటుకన్నా, పిన్ని ఆటోలో పది నిమిషాల్లో వెళ్లగలిగే మామూలు చోటు మేలు. ఇంట్లో మనవాళ్లుంటే ఇల్లే.

మేం పాత ఇంట్లో నడుస్తున్న ఒక చిన్న కేర్ హోమ్‌ను ఎంచుకున్నాం. ఇరవై రెండు మంచాలు, రాత్రి ఒక నర్సు, ముగ్గురు ఆయాలు. మేం పదింటికి వెళ్లినప్పుడు వాళ్లు నిజంగా తిప్పుతూ కనిపించారు. నిర్ణయించే ముందు అమ్మను వీల్‌చైర్లో తీసుకెళ్లి ఒక పూట ఉంచాం. కిటికీ పక్క మంచమైతే ఉంటానంది. అది ఖాళీ అయ్యే దాకా తొమ్మిది రోజులు ఆగాం.

చేర్చిన రోజు చేయాల్సినవి మూడు. నర్సును పక్కన పెట్టుకుని ఒళ్లంతా చూసి, ఎక్కడ మచ్చ ఉన్నా ఫొటో తీసి తేదీ వేయండి. బరువు రాయించండి. వాడుతున్న మందుల చీటీ మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి. మొదటి రెండు వారాలు వేర్వేరు వేళల్లో వెళ్లండి, ఒకసారి తెల్లవారుజామున అయిదున్నరకు కూడా. వెళ్లగానే "ఎలా ఉన్నావమ్మా" అనే ముందు దుప్పటి పక్కకు జరిపి మడమలు చూడండి.